పాత ల్యాప్‌టాప్ తెర వెలగనప్పుడు: బోర్డు మార్చే ముందు చూడవలసినవి

మేడమ్ గారికి నమస్కారం. మీరు రాసిన వివరాలను బట్టి నాకు అర్థమైన సంగతి ముందుగా చెబుతాను, ఏదైనా తేడా ఉంటే సరిచేయండి. మీ ల్యాప్‌టాప్ 2012 నాటిది. మూడవ తరం ఐ5 ప్రాసెసర్, 2 జీబీ చొప్పున రెండు ర్యామ్‌లు (పని జరిగేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ పట్టీలు), 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7 ఉన్నాయి. వానాకాలం మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాకా అచ్చంపేటలోని మీ ఇంట్లో బీరువాలోనే ఉండిపోయింది. ఇప్పుడు బటన్ నొక్కితే లైటు వెలుగుతోంది, ఫ్యాను కొన్ని సెకన్లు తిరిగి ఆగిపోతోంది, మళ్లీ దానంతట అదే మొదలవుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంటోంది. షాపులో పైపైన చూసి “బోర్డు ఖరాబైంది మేడమ్, మార్చాలె” అని ఆరున్నర వేలు అడిగారు, బోర్డు అంటే లోపలి భాగాలన్నీ అమర్చి ఉండే మదర్‌బోర్డు. లోపల పాఠశాల రికార్డులు, మీ నాన్నగారి ఫొటోలు ఉన్నాయి, వాటికి వేరే కాపీ లేదు.

వెనుక మూత కూడా విప్పకుండా బోర్డు పోయిందని చెప్పడం, మోటారు నీళ్లు పోయడం లేదంటే స్టార్టరూ ఫ్యూజులూ చూడకుండానే బోరు ఎండిపోయింది, కొత్తది వేయించుకొమ్మన్నట్టుగా ఉంది. బోర్డు పోయి ఉండవచ్చు, కాదనను. అయితే మీరు చెప్పిన లక్షణానికి బోర్డు కంటే ముందు అనుమానించవలసినవి మూడు నాలుగు ఉన్నాయి. వాటిలో సగం వరకు పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే చూసుకోవచ్చు.

అన్నింటికంటే ముందు ఫొటోల సంగతి. ల్యాప్‌టాప్ ఆన్ కాకపోవడానికీ, అందులోని ఫైళ్లు పోవడానికీ చాలా సందర్భాల్లో సంబంధం ఉండదు. హార్డ్ డిస్క్ విడిగా ఊడివచ్చే వస్తువు. ఆ కాలపు యంత్రాల్లో అడుగున ఒక చిన్న మూత ఉంటుంది, లేదా పక్క నుంచి లాగే అర ఉంటుంది. రెండు నుంచి నాలుగు స్క్రూలు తీస్తే అరచేతి కంటే చిన్నదైన రెండున్నర అంగుళాల డిస్క్ బయటకు వస్తుంది. డిస్క్‌కు ఉండే సాటా కనెక్షన్‌ను యూఎస్‌బీకి మార్చే కేబుల్ గానీ, డబ్బాలాంటి కేసింగ్ గానీ నాలుగైదు వందల్లో దొరుకుతుంది. దాన్ని మరో కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లాగానే తెరుచుకుంటుంది. ముందుగా ఈ పని చేసి, ఫైళ్లు వేరే చోట దాచుకున్నాకనే మిగతా మరమ్మతు జోలికి వెళ్లండి. అప్పుడు ఏ నిర్ణయమైనా కంగారు లేకుండా తీసుకోగలుగుతారు, బేరమాడగలుగుతారు కూడా.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. డిస్క్ తగిలించగానే “ఫార్మాట్ చేయాలా” అని గానీ, “లోపాలు సరిచేయాలా” అని గానీ విండోస్ అడిగితే రెండింటికీ వద్దనే చెప్పండి. సరిచేయడమంటే డిస్క్‌పై రాయడమే, బలహీనపడిన డిస్క్‌పై రాతలు రాస్తే తిరిగి రావలసినవి కూడా పోతాయి. ఇక, చెవి దగ్గర పెట్టుకుంటే టక్ టక్‌మని ఒకే లయలో చప్పుడు వస్తే వెంటనే కేబుల్ తీసేసి పక్కన పెట్టండి. అది లోపలి రీడింగ్ హెడ్ దెబ్బతిన్న గుర్తు. అలాంటిది ఎంతసేపు తిరిగితే అంత నష్టం, దాన్ని డేటా రికవరీయే వృత్తిగా చేసేవారు మాత్రమే ముట్టుకోవాలి. చప్పుడు మామూలుగానే ఉండి, కాపీ మాత్రం నత్తనడక నడుస్తూ మధ్యలో ఆగుతుంటే, విండోస్‌కు బదులు వాడే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది ముందు బాగున్న భాగాలన్నీ తీసుకుని, మొండికేసిన భాగాల దగ్గరకు చివర్లో వస్తుంది. దానికి అంతే పరిమాణంలో గానీ, అంతకంటే పెద్దదిగా గానీ మరో డిస్క్ కావాలి.

ఇక అసలు జబ్బు. బటన్ నొక్కగానే యంత్రం విండోస్ దగ్గరికి పరుగెత్తదు. మొదట బోర్డు మీది 3.3 వోల్టుల, 5 వోల్టుల సరఫరాలు నిలబడాలి, ఆ తర్వాత ప్రాసెసర్ లేచి బయోస్ అనే చిప్‌లో ఉండే, యంత్రాన్ని మేల్కొలిపే ప్రోగ్రామును చదవాలి, ఆ ప్రోగ్రాము ర్యామ్‌ను పరీక్షించి దానితో ఒక ఒప్పందానికి రావాలి, అది కుదిరాకే తెర మీద కంపెనీ పేరు కనిపిస్తుంది, డిస్క్ వంతు చిట్టచివర. మీకు కంపెనీ పేరు కూడా కనిపించడం లేదు కనుక విండోస్‌తో గానీ, వైరస్‌తో గానీ దీనికి ఏ సంబంధమూ లేదు. “ఒకసారి ఫార్మాట్ కొట్టి చూద్దాం” అని ఎవరైనా అంటే ఆ షాపు నుంచి బయటకు వచ్చేయండి. లైటు వెలిగి ఫ్యాను తిరుగుతోందంటే కనీసం మొదటి మెట్టు దాటింది. కొన్ని సెకన్లకే ఆగి మళ్లీ మొదలవుతోందంటే ప్రాసెసర్ ఏదో ప్రయత్నించి, కుదరక, మొదటికి వస్తోందన్నమాట. ఈ ఆగడం, మొదలవడం అనే వరుసకు నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం ర్యామ్.

ర్యామ్ దగ్గరికి వెళ్లే ముందు కరెంటు వైపు ఒక చూపు చూడండి. అడాప్టర్ తీసి, బ్యాటరీ కూడా ఊడదీసి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టుకుని వదలండి. లోపల నిలిచిపోయిన ఛార్జి దిగిపోతుంది. తర్వాత బ్యాటరీ లేకుండా అడాప్టర్ ఒక్కదానితో ప్రయత్నించండి. నెలల తరబడి వాడని బ్యాటరీ పూర్తిగా దిగిపోయి, తనను తాను మూసేసుకునే అవకాశం ఎక్కువ, అది ఈ పరీక్షలో అడ్డుపడకూడదు. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే తిరిగి పెట్టకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి.

అడాప్టర్‌ను మల్టీమీటర్‌తో కొలిస్తే దాని మీద రాసి ఉన్న అంకె రావాలి, సాధారణంగా అది 19 నుంచి 20 వోల్టుల మధ్య ఉంటుంది. పిన్ను మధ్యలో సన్నని సూదిలాంటిది ఉన్న రకమైతే ఆ సూది కరెంటు కోసం కాదు, అడాప్టర్ తన శక్తి ఎంతో ల్యాప్‌టాప్‌కు చెప్పుకునే తీగ అది. కొలవవలసింది గొట్టం లోపలి గోడకూ, బయటి గోడకూ మధ్య. ల్యాప్‌టాప్‌కు పెట్టగానే అడాప్టర్ లైటు ఆరిపోతుంటే మాత్రం బోర్డు మీద ఎక్కడో షార్ట్ సర్క్యూట్ ఉన్నట్టే. మీ విషయంలో అలా జరగడం లేదని అనుకుంటున్నాను, అయినా ఒకసారి గమనించండి.

మీ ఊళ్లో వోల్టేజి తక్కువగా వస్తుందని రాశారు. దానికి భయపడనక్కరలేదు. ఈ అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా దేనికైనా పనిచేస్తాయి. అసలు ప్రమాదం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తీగ తెగినప్పుడు వస్తుంది. అప్పుడు ఇంట్లోకి 230కి బదులు 400 దాకా రావచ్చు, వీధిలో నాలుగైదు ఇళ్లలో ఒకేసారి బల్బులూ టీవీలూ పోయే సంఘటనలు అవే. అందులో కూడా చాలాసార్లు అడాప్టర్ తాను కాలిపోయి ల్యాప్‌టాప్‌ను కాపాడుతుంది.

ర్యామ్ దగ్గర తొందరపడకండి, మీ సమస్య ఎక్కువ వరకు ఇక్కడే తేలుతుంది. అడాప్టర్, బ్యాటరీ రెండూ తీసి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా పెయింట్ లేని లోహాన్ని ఒకసారి ముట్టుకుని పని మొదలుపెట్టండి. అడుగు మూత తీస్తే ఆకుపచ్చ పట్టీలాంటి ర్యామ్ కనిపిస్తుంది. కొన్ని మోడళ్లలో ఒకటే అడుగున ఉండి, రెండోది కీబోర్డు కింద ఉంటుంది, ఒక్కటే కనిపించిందని రెండోది లేదనుకోకండి. రెండు చివరలా ఉన్న స్టీలు కొక్కేలను గోటితో బయటివైపు మెల్లగా జరిపితే పట్టీ దానంతట అదే ఏటవాలుగా పైకి లేస్తుంది. అదే కోణంలో బయటకు లాగండి. దాని అంచున వరుసగా ఉన్న బంగారు రంగు గీతలను వెలుతురులో వంచి చూడండి. వానాకాలమంతా వాడకుండా ఉన్నదాని మీద పల్చని మబ్బులాంటి పొర గానీ, గోధుమరంగు చుక్కలు గానీ కనిపించవచ్చు. పిల్లలు వాడే తెల్లని మెత్తని రబ్బరుతో, గీతల వెంట నిలువుగా, ఒకే దిశలో నాలుగైదుసార్లు రుద్ది, పొట్టును పూర్తిగా దులపండి. అడ్డంగా రుద్దకండి, ఇసుక కాగితం అసలు వాడకండి, బంగారు పూత చాలా పల్చనిది.

తిరిగి పెట్టేటప్పుడు కూడా ఏటవాలుగానే పూర్తిగా లోపలికి నెట్టాలి. బంగారు గీతలు దాదాపు కనిపించకుండా పోవాలి, అప్పుడు కిందికి నొక్కితే రెండు కొక్కేలూ టిక్కుమని పడతాయి. గీతలు సగం బయటే ఉండి కొక్కేలు పడినా అది కూర్చున్నట్టు కాదు. మొదట ఒక్క ర్యామ్‌నే ఒక గాడిలో పెట్టి ఆన్ చేసి, రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. రాకపోతే అదే పట్టీని రెండో గాడిలో పెట్టండి. తర్వాత రెండో పట్టీతో కూడా అదేవిధంగా చూడండి. పట్టీ చెడిందా, గాడి చెడిందా అన్నది ఇలా మారుస్తూ చూస్తేనే తేలుతుంది.

ఎవరూ చెప్పని మరొక పరీక్ష ఉంది. రెండు ర్యామ్‌లూ తీసేసి ఖాళీగా ఆన్ చేయండి. ఆరోగ్యంగా ఉన్న బోర్డు ర్యామ్ లేదని ఫిర్యాదు చేస్తుంది, బీప్ శబ్దాలతోనో, క్యాప్స్ లాక్ లైటును మినుకుమనిపించడంతోనో. హెచ్‌పీ వారి ఆ కాలపు నోట్‌బుక్‌లలో ఆ లైటు మూడుసార్లు మినుకుమంటే ర్యామ్, రెండుసార్లయితే బయోస్. డెల్ వారికీ, లెనోవో వారికీ వేరే లెక్కలు ఉన్నాయి, మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటాయి. ర్యామ్ లేనప్పుడు ఇలా గోల చేసిందంటే ప్రాసెసరూ, బయోసూ బతికే ఉన్నాయని ధైర్యంగా చెప్పవచ్చు, అప్పుడు బోర్డు మార్చమన్న మాట దాదాపుగా కొట్టిపారేయవచ్చు. ర్యామ్ ఉన్నా లేకపోయినా ఒకే తీరుగా మౌనంగా ఆగుతూ మొదలవుతూ ఉంటే మాత్రం లోపం ఇంకా లోతున ఉందని అర్థం.

కొత్త ర్యామ్ కొనవలసి వస్తే మీకు కావలసింది 204 పిన్నుల డీడీఆర్3 రకం. దాని తర్వాతి తరమైన డీడీఆర్4 పట్టీలో గంటు వేరే చోట ఉంటుంది, బలవంతంగా నెడితే గాడి విరుగుతుంది. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ సాధారణంగా 1.5 వోల్టులకు కూడా పనిచేస్తుంది కనుక అది దొరికినా తీసుకోవచ్చు. వాడినదైనా ఫర్వాలేదు, షాపులోనే పెట్టించి చూసుకోండి.

తర్వాతి అనుమానం గడియారపు సెల్లు మీద. రూపాయి బిళ్లంత ఉండే ఈ సీఆర్2032 సెల్లు 3 వోల్టులది. ల్యాప్‌టాప్‌లలో చాలావరకు ప్లాస్టిక్ తొడుగులో రెండు సన్నని తీగలతో ఉంటుంది. ప్రధాన బ్యాటరీ ఉన్నంత కాలం దీని మీద భారం పడదు. మీ యంత్రం బీరువాలో ఉండగా ప్రధాన బ్యాటరీ దిగిపోయింది కనుక అన్ని నెలలూ గడియారాన్ని ఈ చిన్న సెల్లే నడిపింది, దిగిపోయి ఉండడంలో వింత లేదు. చాలా మోడళ్లలో సెల్లు పోయినంత మాత్రాన యంత్రం ఆగదు, కానీ కొన్నింటిలో మీరు చెప్పినట్టే తిరిగి తిరిగి మొదలవుతుంటుంది. వంద రూపాయల లోపు వస్తువు, ఎలాగూ మార్చవలసిందే. మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఒకటి రెండుసార్లు దానంతట అదే ఆగి మొదలుకావడం సహజం, ర్యామ్ లెక్కలు కొత్తగా సరిచూసుకుంటుంది. ఆ సమయంలో కంగారుపడి బటన్ నొక్కి ఆపేయకండి.

ఇంకా రాకపోతే హార్డ్ డిస్క్, డీవీడీ డ్రైవ్, వైఫై కార్డు తీసేసి, ఒక్క ర్యామ్‌తో చూడండి. చెడిన డిస్క్ ఒక్కోసారి కంపెనీ పేరు కూడా రానీయకుండా యంత్రాన్ని బిగించి పడుతుంది. కీబోర్డు రిబ్బన్ ఊడదీసి కూడా చూడవలసి ఉంటుంది, అయితే ఆన్ బటన్ కీబోర్డు మీదే ఉందేమో ముందు చూసుకోండి.

మూత తీసినప్పుడు బోర్డును పరీక్షగా చూడండి. మన వైపు బీరువాల్లో పెట్టిన యంత్రాల్లో ఎర్రచీమలు గుడ్లతో సహా కాపురం పెట్టడం, బొద్దింకలు కీబోర్డు కింద చేరడం మామూలే. వాటి విసర్జితం తగిలిన చోట రాగి గీతలు పచ్చబారి అరిగిపోతాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆఫీసుల నుంచి వచ్చే యంత్రాల్లోనైతే ఫ్యాను నుంచి ఊక దుమ్ము దూదిలా ఊడివస్తుంది. మెత్తని టూత్‌బ్రష్‌కు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి మచ్చ ఉన్న చోట తుడవాలి. ఫోన్లు బాగుచేసేవారి దగ్గర ఐపీఏ అని అడిగితే ఇస్తారు. మందుల షాపు స్పిరిట్‌లో నీళ్లుంటాయి, థిన్నర్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, రెండూ వద్దు. తుడిచాక పూర్తిగా ఆరేదాకా కరెంటు ఇవ్వకండి.

తెరదే లోపం కాదు కదా అన్న సందేహం కూడా తీర్చుకోండి. చీకటి గదిలో తెర మీద ఏటవాలుగా టార్చి కొడితే బొమ్మ మసకగా కనిపించిందంటే యంత్రం బాగుంది, వెనుక దీపం మాత్రమే పోయింది. బయటి తెరను తగిలించే వీజీఏ సాకెట్‌కు బడిలోని ప్రొజెక్టర్ పెట్టి చూసినా తేలుతుంది. డెల్ వారి చాలా మోడళ్లలో డి అక్షరాన్ని నొక్కి పట్టుకుని పవర్ నొక్కితే తెర రంగులు మారుస్తూ తనను తాను పరీక్షించుకుంటుంది. అయితే మీ ఫ్యానే ఆగిపోతోంది కనుక నేను తెరను అంతగా అనుమానించను.

కంపెనీ పేరు కనిపించిందనుకుందాం. అక్కడితో పని అయిపోదు, ఎందుకంటే సెల్లు దిగిపోయినప్పుడు బయోస్‌లోని అమరికలు కూడా ఫ్యాక్టరీ నాటివైపోతాయి. తేదీ పాతదైపోయి బ్రౌజర్‌లో ప్రతి వెబ్‌సైటూ భద్రత లేదని చూపిస్తుంది. అది తేదీ మారిస్తే పోతుంది. అంతకంటే ఇబ్బంది పెట్టేది సాటా విధానం, అంటే యంత్రం డిస్క్‌తో మాట్లాడే పద్ధతి. ఏహెచ్‌సీఐ, రెయిడ్, ఐడీఈ అనేవి అందులో రకాలు. మీ విండోస్‌ను ఏహెచ్‌సీఐలో ఎక్కించి ఉంటే, బయోస్ ఇప్పుడు రెయిడ్‌కో ఐడీఈకో మారి ఉంటే, విండోస్ గుర్తు కనిపించి ఒక్క క్షణంలో నీలి తెర వచ్చి చివర 7బి అనే సంఖ్య చూపి మళ్లీ మొదలవుతుంది. చాలామంది దీన్ని విండోస్ చెడిందనుకుని ఫార్మాట్ చేసేస్తారు. బయోస్‌లో ఆ ఒక్క అమరికను మార్చి చూడండి, అంతే. “బూట్ డివైస్ లేదు” అని వస్తే డిస్క్ పేరు బయోస్‌లో కనిపిస్తోందా చూడండి. కనిపిస్తుంటే బూట్ విధానాన్ని, అంటే యంత్రం విండోస్‌ను మొదలుపెట్టే తీరును, లెగసీ అనే పాత పద్ధతికి మార్చండి. విండోస్ 8 రాకముందు, అంటే 2012 అక్టోబర్‌కు ముందు విండోస్ 7తో అమ్మిన యంత్రాలు దాదాపుగా లెగసీలోనే ఉండేవి.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదవ తరం ఇంటెల్ నుంచే ఎక్కుతుంది కనుక మీ యంత్రానికి ఆ దారి లేదు. బాగయితే 240 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్క్) పెట్టి, లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ ఎక్కించుకోమని నా సలహా. భారతీయ భాషల కోసం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో తెలుగు టైపింగ్ అందులోనే ఉంది, బడి పనికి ధారాళంగా సరిపోతుంది. పాత డిస్క్‌ను చెరపకుండా ఫొటోలకు రెండో కాపీగా బీరువాలో ఉంచండి.

ఇవన్నీ చేసినా రాకపోతే అప్పుడు చిప్ స్థాయి పని తెలిసినవారికి చూపించాలి. అక్కడ కూడా “బోర్డు మార్చాలి” అనే మాటకు ముందు ఒకటి అడగండి: బయోస్ చిప్‌ను తిరిగి రాసి చూశారా? అది ఎనిమిది కాళ్ల చిన్న చిప్, ప్రోగ్రామర్ పరికరం ఉన్నవారికి పెద్ద పని కాదు. అందులో ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే ప్రోగ్రాము ఉండే భాగం చెడితే, యంత్రం ఆన్ అయినా సరిగ్గా అరగంటకు ఆగిపోయే జబ్బు కూడా వస్తుంది. హెచ్‌పీ అయితే విండోస్ కీ, బి కీ కలిపి పట్టుకుని పవర్ నొక్కి, పెన్‌డ్రైవ్ నుంచి బయోస్‌ను తిరిగి ఎక్కించే సదుపాయం చాలా మోడళ్లలో ఉంది. షార్ట్ ఉందంటే ఏ సరఫరా మీద ఉందో మీటరు పెట్టి చూపించమనండి. పని తెలిసినవారు దానికి నొచ్చుకోరు.

హీట్ గన్‌తో బోర్డును వేడిచేసి బాగుచేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. 2007, 2008 నాటి కొన్ని ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్‌ల లోపలి అతుకులు చెడేవి. ఆ కంపెనీయే 2008 జులైలో ఇందుకోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించింది. ఈ వేడిచేసే విద్య అప్పటి నుంచి వ్యాపించింది. వాటిలో కూడా అది కొన్ని వారాల ముచ్చటే. మీది ప్రాసెసర్‌లోనే ఉన్న ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్ అయితే ఆ జబ్బుకు అసలు ఆస్కారమే లేదు.

ఆరున్నర వేలు పెట్టి వాడిన బోర్డు వేయించుకోవడాన్ని నేను సమర్థించను. ఆ బోర్డు కూడా అంతే వయసున్న మరొక యంత్రం నుంచి ఊడదీసినదే అయి ఉంటుంది. దానికి మరికొంత కలిపితే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ అయిన చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇంకాస్త కొత్త తరం వాడిన ల్యాప్‌టాప్ కోసం అడిగి చూడవచ్చు. సెల్లు, ర్యామ్, కేబుల్ లాంటివి మహబూబ్‌నగర్‌లోనే దొరుకుతాయి. ఏ షాపుకు ఇచ్చినా హార్డ్ డిస్క్ ఇంట్లో పెట్టి ఇవ్వండి. కంపెనీ పేరు తెర మీద రావడానికి డిస్క్ అవసరం లేదు, అది లేకుండా చూడలేమని ఎవరైనా అంటే నమ్మకండి.

ముందు డిస్క్ నుంచి కాపీ, తర్వాత ర్యామ్ ఒక్కొక్కటిగా, ఆ తర్వాత ర్యామ్ లేకుండా ఒకసారి చూడండి. మూడో పరీక్షలో ఎన్ని బీప్‌లు వచ్చాయో, ఏ లైటు ఎన్నిసార్లు మినుకుమందో, అడుగున స్టిక్కర్ మీద ఉన్న పూర్తి మోడల్ సంఖ్యతో సహా రాయండి. స్టిక్కర్ మీద ఉండే సర్వీస్ ట్యాగ్‌ను గానీ, సీరియల్ సంఖ్యను గానీ అందరికీ కనిపించేలా రాయకండి, మోడల్ చాలు.